అత్త కొంగుముడిలో పెన్‌డ్రైవ్

కొట్టువాళ్ళ ఇంట్లో పుట్టినవాడికి ‘ఉచితం’ అన్న మాట చెవిన పడగానే చెయ్యి జేబు మీదకు పోతుంది. ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తున్నారంటే అది పుచ్చినదైనా అయి ఉండాలి, రేపు మరోదానితో కలిపి వసూలు చేసుకునేదైనా అయి ఉండాలి. గల్లాపెట్టె ముందు కూర్చుని మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. బరంపురం పెద్దబజారులో మాది అప్పడాలు, వడియాలు, పచ్చళ్ళ కొట్టు. అక్కడ ఉచితానికి చోటు లేదు గాని కొసరుకు ఉంది. తూకం అయిపోయాక త్రాసులో ఇంకో రెండు వడియాలు పడతాయి చూడండి, అది కొసరు. ఉచితం ఎవడో దయతలిచి ఇచ్చేది. కొసరు మనం నోరు చేసుకుని సంపాదించుకునేది.

నా చేతికి ఆ ప్రోగ్రాము వచ్చింది కొసరుగానే.

మా వీధి చివర కంప్యూటర్ సామాన్ల కొట్టుంది. కొట్టాయన ఒడియా మనిషి, మా ఆవకాయ తిని పెరిగినవాడు, తెలుగు నాకంటే ధాటిగా మాట్లాడతాడు. నేను గుమ్మంలో కాలు పెడితే చాలు, ఏకాదశి ఉపవాసంలో ఉన్నట్టు ముఖం పెట్టుకుంటాడు. ఆ రోజు పెన్‌డ్రైవ్ కోసం వెళ్ళాను. ధర చెప్పాడు. నవ్వాను. తగ్గించాడు. నిట్టూర్చాను. ఇంకా తగ్గించాడు. చెప్పులు వేసుకుని మెట్టు దిగాను. వెనక్కి పిలిచాడు. అంతా పద్ధతి ప్రకారం జరిగింది. జేబులోంచి డబ్బు తీస్తూ, ఆఖరి బాణం వేశాను.

“మరి కొసరేటిస్తావు?”

“బాబూ, పెన్‌డ్రైవ్‌కి కొసరేటి? ఇవేమన్నా వంకాయలా?”

“వంకాయలమ్మే ముసల్ది ఇస్తాది, ఏసీ గదిలో కూకున్న నువ్వు ఇవ్వవేటి?”

అతను తల కొట్టుకుని, పెన్‌డ్రైవ్‌ను తన కంప్యూటర్‌కు గుచ్చి ఏదో కాపీ చేశాడు. “ఇదొకటి ఏసిచ్చినాను. పేర్లు, ఫోన్ నంబర్లు, తారీకులు, ఎవుల దగ్గర ఏం పనుందో, అన్నీ ఇందులో రాసుకో. టైమొస్తే గంట కొట్టి సెప్తాది. మాగణా.”

మాగణా అంటే ఒడియాలో ఉచితం. నా చెయ్యి వెనక్కి పోయింది.

“మాగణా అయితే నాకొద్దు. కొసరైతే పుచ్చుకుంటాను.”

“కొసరే బాబూ, కొసరే! ఇంక ఎల్లు!”

అసలు కంటే కొసరు ముద్దు అంటారు. ఆ పెన్‌డ్రైవ్ రంగేమిటో ఇవాళ నన్నడిగితే చెప్పలేను. కొసరు మాత్రం నా వ్యాపారంలో భాగస్వామి అయి కూర్చుంది.

అందులో అంత ఏముందని చాలామంది అడిగారు. ఫోన్లో లేనిదా అన్నారు. ఫోన్లో అన్నీ ఉన్నాయి, ఉన్నాయి కాబట్టే నాకు భయం. మా కొట్టులో నా ఫోను నాది కాదు. నాన్న పంచాంగం చూస్తాడు, గుమాస్తా పాటలు పెడతాడు, కొనడానికి వచ్చినవాళ్ళు “ఒక్క కాల్ సేసుకుంటాను” అని పట్టుకుపోతారు. ఇక ఎక్కడో మేఘాల్లో దాచుకోమనే యాప్‌లు ఉన్నాయి. అవి ముందు మన పేరు, ఊరు, పాస్‌వర్డు అడుగుతాయి. అస్కా దాటాక రోడ్డు మీద సిగ్నల్ పోయిందంటే, నా సమాచారం నాకే చూపించవు. నా డబ్బాలో నేను పోసుకున్న వడియాలు నేను తీసుకోవడానికి ఇంకెవరినో తలుపు తియ్యమనడం ఏం వ్యాపారం?

ఈ ప్రోగ్రాము అలా కాదు. మామూలు ప్రోగ్రాములు కంప్యూటర్‌లో కాపురం పెడతాయి. సామాను సర్దుకుంటాయి, ఖాళీ చెయ్యమంటే సగం సామాను వదిలేసి పోతాయి. ఇది మాత్రం చాపా దిండూ తనే తెచ్చుకుని, తెల్లారాక అవి చుట్టుకుని పోయే యాత్రికుడి లాంటిది. గోపాలపూర్‌లో నేను పచ్చళ్ళు వేసే హోటల్ కౌంటర్ మీద కంప్యూటర్‌కు గుచ్చితే అక్కడే తెరుచుకుంటుంది. రంభలో జంతికల కొట్టువాడి బిల్లుల కంప్యూటర్‌కు గుచ్చితే అక్కడా తెరుచుకుంటుంది. పని అయ్యాక పీకేస్తే నేనొచ్చిన ఆనవాలు ఉండదు. పశువుల సంతలో బేరగాళ్ళు తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు కదా, పక్కవాడికి తెలియకుండా. ఈ పెన్‌డ్రైవ్ నాకు ఆ తుండుగుడ్డ. మా పురోహితుడికి చూపిస్తే, యజమానుల గోత్రాలన్నీ ఎక్కించుకుని, జంధ్యానికి కట్టుకోవచ్చా అని అడిగాడు.

తెర మీద ఎడమ పక్కన చెట్టు కొమ్మల్లా పేర్లు ఉంటాయి. ఊరు ఒక కొమ్మ, ఊళ్ళో మనుషులు రెమ్మలు. పేరు నొక్కితే కుడి పక్కన మనం రాసుకున్నది కనిపిస్తుంది. నేను రాసుకున్నవి ఫోన్ నంబర్లు మాత్రమే అనుకుంటే నన్ను తక్కువ అంచనా వేసినట్టే. ప్రతి పేరు కింద బేరం సూత్రం ఒకటి రాసుకున్నాను. ‘హోటలాయన: ముందు సముద్రం గాలి గురించి మాట్లాడాలి. వాళ్ళమ్మ మోకాలు అడగాలి. ధర సంగతి టీ వచ్చాకే.’ ‘జంతికలతను: పొగిడితే అనుమానిస్తాడు. తిట్టాలి.’ ‘నాన్న: కాఫీకి ముందు ఏదీ అడగకూడదు.’ కొట్టు మెట్టెక్కే ముందు ఒకసారి చదువుకునేవాణ్ణి. వాళ్ళమ్మ మోకాలు నాకు గుర్తుందని హోటలాయన కరిగిపోయేవాడు. గుర్తున్నది నాకు కాదు, కొసరుకు.

ఇలా రోజులు గడుస్తుండగా మా చెల్లికి పెళ్ళి కుదిరింది.

చెల్లి సంగతి కొంచెం చెప్పాలి. అది పసిపిల్లగా ఉన్నప్పుడే మా అమ్మ పోయింది. నాన్న కొట్టు చూసుకోవాలా, పిల్ల జడ వెయ్యాలా? భంజనగర్ నుంచి మా మేనత్త వచ్చింది, అంటే నాన్నకు అక్క, మా వైపు మాటలో అప్ప. పిల్లను చంకనేసుకుని, “నీ కొట్టు నువ్వు సూసుకో” అని తమ్ముడికి చెప్పి తీసుకుపోయింది. హైస్కూలుకు వచ్చేదాకా చెల్లి అక్కడే పెరిగింది. ఇప్పుడు భువనేశ్వర్‌లో ఉద్యోగం చేస్తున్నా, తలనొప్పి వస్తే ఫోను చేసేది భంజనగర్‌కే.

ఇంట్లో పెళ్ళనగానే నాన్న పిలుపుల పని నాకు అప్పజెప్పాడు. “నీ పుల్లలో అందరూ ఉన్నారు కదా” అన్నాడు. మా పెద్దవాళ్ళ భాషలో పెన్‌డ్రైవ్ అంటే పుల్లే. మా ఇళ్ళలో ఫోన్లో పిలిస్తే అది పిలుపు కాదు. ఇంటికి వెళ్ళాలి, బొట్టు పెట్టాలి, పసుపు అద్దిన శుభలేఖతో పాటు, ఒడియావాళ్ళను చూసి మనవాళ్ళూ నేర్చుకున్నట్టుగా, ఒక వక్క చేతిలో పెట్టాలి. దానికో వరస కూడా ఉంది. మొదటిది దేవుడికి. రెండోది ఇంటి పెద్ద ఆడపడుచుకి. ఆ తరువాత ఎవరైనా సరే.

ఈ వరస నాకు తెలియదని ఎలా అంటాను? తెలుసు. కాకపోతే నా ముందు చెట్టు ఉంది, చెట్టుకు ఊళ్ళవారీగా కొమ్మలున్నాయి. గోపాలపూర్‌కు ఎలాగూ సరుకు పోతోంది, దాంతోపాటే అక్కడి కార్డులు ఇచ్చేస్తే పోలా? రంభకు వ్యాను వెళ్ళే రోజు రంభ కార్డులు. భంజనగర్‌కు సరుకు నెలాఖరున గాని పోదు, అప్పుడు అక్కడి కార్డులు. ఒక్క పెట్రోలు చుక్క దండగ కాకుండా పిలుపులన్నీ అమరిపోయాయి. ఇంత పొదుపుగా పెళ్ళి పిలిచినవాడు మా వంశంలో లేడని, వ్యానులో నన్ను నేనే మెచ్చుకున్నాను.

రంభలో మా పిన్ని ఉంది, అమ్మకు చెల్లెలు. కార్డు తీసుకుని, బొట్టు పెట్టించుకుని, నన్ను వ్యాను ఎక్కించిన మరుక్షణం భంజనగర్‌కు ఫోను కొట్టింది. “వొదినా, మాకు పిలుపొచ్చింది. మీకు ఎప్పుడో ఒచ్చుంటాది కదా!”

రాలేదు.

ఆ సాయంత్రం అత్త నాన్నకు ఫోను చేసింది. స్పీకర్‌లో మేమంతా విన్నాం. గొంతు చాలా మర్యాదగా ఉంది. అందుకే మాకు భయం వేసింది.

“తమ్ముడా, పెళ్ళి బాగా సెయ్యండి. నాకు మోకాల్ల నొప్పి. బస్సెక్కలేను.”

తారాతారిణి కొండ మెట్లు ఎక్కేటప్పుడు అందరికంటే ముందు నడిచి, పైనుంచి మమ్మల్ని “రండర్రా ముసిలోల్లూ” అని పిలిచే మనిషి మా అత్త.

ఫోను పెట్టేశాక నాన్న నా వైపు చూడలేదు. చెల్లి చూసింది. దానికి కోపం వస్తే అరవదు, నెమ్మదిగా మాట్లాడుతుంది.

“అన్నియ్యా, పెళ్ళికూతుర్ని సేసే రోజు మొదటి నూనె నా నెత్తి మీద పెట్టాల్సింది అత్త. అత్త ఒస్తే పీట మీద కూకుంటాను. రాకపోతే నువ్వు కూకో.”

“అది కాదే, నేను ఎల్లి మాట్లాడతాను...”

“మాట్లాడకు. మాట్లాడితే బేరం ఆడతావు. పిలువు.”

మర్నాడే భంజనగర్ బస్సెక్కాను. ఎక్కే ముందు కొట్టులో కంప్యూటర్ తెరిచి, అత్త పేరు నొక్కి, రాసుకున్న సూత్రం మరోసారి చదువుకున్నాను. దాని ప్రకారం మాగాయ జాడీ ఒకటి సంచిలో పెట్టుకున్నాను. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాను. చెల్లి చెప్పిన మాట బస్సు హింజిలి దాటకముందే మరిచిపోయి, బేరం ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

అత్త ఇంటి ముందుగదిలో ఆవిడ కోడలు జిరాక్స్ కొట్టు నడుపుతుంది. నేను వెళ్ళేసరికి అత్త గుమ్మంలోనే చేట పట్టుకుని కూర్చుని ఉంది.

“ఎవులూ? ఓహో, పెల్లివారా! దారి తప్పినారేటి?”

“నిన్ను పిలవడానికే ఒచ్చినాను అత్తా.”

“నన్నా? గోపాలపూర్ హోటలోడికి కార్డు ముట్టింది. రంభలో జంతికలోడికి ముట్టింది. సరుకేసినట్టు కార్డులేసుకుంటూ ఒచ్చి, మిగిలిన కార్డు నాకు తెచ్చినావా?”

“అలాగంటావేటి! ఆకర్న పిలవడం గౌరవం కాదా? భోజనంలో పెరుగన్నం ఆకర్నే కదా ఒడ్డిస్తారు.”

“పెరుగన్నం అయ్యాక ఇస్తరాకు మడిసీస్తారురా.”

చేటలో బియ్యం ఎగిరిపడ్డాయి. నేను ఒక రాయి మెత్తగా ఉందేమో అని చేత్తో నొక్కి చూసినవాడినయ్యాను. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. అత్త ‘తిన్నావా’ అని అడగలేదు. మా ఇళ్ళలో దానికి మించిన శిక్ష లేదు. ఇక తప్పు మీద వేసుకోవడానికి నాకు కంప్యూటర్ తప్ప ఎవరూ కనిపించలేదు.

“ఈ వరస నాది కాదత్తా. కంప్యూటరు వరస. ఊళ్ళని అదే అలా పేర్సీసింది.”

“ఏదీ ఆ కంప్యూటరు?”

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి చూపించాను. అత్త దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, వంకరపోయిన చిక్కుడుకాయను చూసినట్టు చూసింది.

“ఇదా! ఇది నాకంటే పెద్దదేటి, వరసలు సెప్పడానికి? పెట్టు. ఏటి సెప్పిందో సూత్తాను.”

కోడలు భయపడింది. “అన్నియ్యా, దీన్ని మా దాన్లో ఎక్కించాలా? ఏటన్నా అయితే ఆయన నన్ను తినీస్తారు.”

“ఏదీ ఎక్కించక్కర్లేదమ్మా. గుచ్చడం, చూడడం, పీకడం. నీ కంప్యూటర్‌లో ఏదీ మిగలదు,” అన్నాను. ఆ స్థితిలోనూ నా కొసరు గురించి గొప్పలు చెప్పడం మానలేదు.

చెట్టు తెరుచుకుంది. గోపాలపూర్ పైన, భంజనగర్ అట్టడుగున. అంత వరకు నాకు బాగానే ఉంది. కాని అత్త, “నా పేరు నొక్కమ్మా” అంది. నా చెయ్యి మౌస్ దగ్గరకు పోయేలోపే కోడలు నొక్కేసింది. నొక్కి ఊరుకుందా? అత్తకు కళ్ళద్దాలు లేవని బిగ్గరగా చదివింది కూడా.

“అత్త: మొదటి మాటకి లొంగదు. ఎదురు చెప్పకూడదు. మాగాయ తీసుకెళ్ళాలి. కోపంలో ఉంటే చెల్లి సంగతి ఎత్తాలి. వెళ్ళిపోతున్నట్టు మూడోసారి లేస్తే తనే వెనక్కి పిలుస్తుంది.”

జిరాక్స్ మిషన్ ఒక్కటే గుర్రుమంటోంది. నేను అప్పటికి ఒకసారి లేచి కూర్చున్నాను.

“మాగాయి తెచ్చినావా?” అంది అత్త.

“తెచ్చినాను.”

“ఇలా తే.” జాడీ అందుకుని పక్కన పెట్టుకుంది. “సెల్లి సంగతి ఎప్పుడు ఎత్తుదామనుకున్నావు?”

“భోంచేశాక.”

“భోజనం ఎవులు పెడతానన్నార్రా నీకు?”

కోడలు కొంగు నోట్లో కుక్కుకుని కాగితాల కట్ట వెనక్కి వంగిపోయింది. ఆ భుజాలు కదలడం చూసి అత్త కూడా ఎటో చూసింది. ఆవిడ పెదవి కొస ఒకవైపు లాగినట్టు నాకనిపించింది. బేరగాణ్ణి కదా, ఆ మాత్రం చాలు నాకు.

“అత్తా, తప్పు దిద్దీవొచ్చు. ఇందులో అదే సుఖం. ఎవుల్నైనా పట్టుకుని ఎక్కడికైనా జరపొచ్చు.”

“అయితే నన్ను పైకెక్కించు.”

అత్త పేరును మౌస్‌తో పట్టుకుని పైకి లాగాను. రంభ దాటింది, గోపాలపూర్ దాటింది. “ఇంకా పైకి,” అంది. అన్నింటికంటే పైన పెట్టాను.

“మరి దేవుడేడి?”

“దేవుడు ఇందులో లేడత్తా.”

“సూసినావా అమ్మా, ఈడి బుద్ది! సరుకు కొనడని దేవుడ్నే రాసుకోలేదు.” నా నెత్తి మీద ఒక్కటి వేసింది. “ముందు ఠాకురాణి తల్లిని పెట్టు. ఆ తరవాత నన్ను పెట్టు.”

బరంపురం మనిషిని, మా ఊరి తల్లిని అత్త చెబితే గాని ఎక్కించలేదు. పెట్టాను. అత్త తెరకు దణ్ణం పెట్టింది. తరువాత కోడలి వైపు తిరిగి, “ఇది ఇలగే ఉంటాదా? ఈడు ఇంటికెల్లి మల్లీ నన్ను కిందకి దించీగలడా?” అంది.

“దించొచ్చు అత్తయ్యా,” అంది కోడలు, నా మీద ఏ కక్షా లేకుండానే.

“అయితే ఆ పుల్ల ఇటియ్యి. పెల్లి దాకా నా దగ్గరే ఉంటాది.”

లేచి నిలబడ్డాను. రెండు చేతులూ జోడించాను. నా వ్యాపారమంతా అందులోనే ఉందన్నాను, అది లేకపోతే కొట్టు మూసుకోవాలన్నాను, గొంతులో కాస్త జీర కూడా తెప్పించాను. నా నటన నాకే నచ్చింది. అసలు సంగతేమిటంటే, ఈ ప్రోగ్రామంతా ఒక్క ఫోల్డర్. దాన్ని ఎత్తి ఇంకోచోట పెడితే అక్కడా అదే ప్రోగ్రాము, అవే పేర్లు. నకలు ఒకటి మా కొట్టు కంప్యూటర్‌లో నిక్షేపంలా ఉంది. ఉన్న సరుకంతా ముందు బల్ల మీద పెట్టేవాడు వ్యాపారస్తుడా? లేని నష్టానికి ఏడ్చినట్టే ఏడ్చి పుల్ల ఇచ్చాను. అత్త దాన్ని కొంగు చివర పెట్టి ముడేసి, బొడ్లో దోపుకుంది.

ఆ తరువాత అన్నం పెట్టింది. మాగాయ నాకు వెయ్యలేదు.

బయల్దేరేటప్పుడు బొట్టు పెట్టి, కార్డు, వక్క చేతికిచ్చాను. “ఒస్తావు కదా అత్తా?”

“సూద్దాం. మోకాల్లున్నాయి కదా.”

బస్సులో లెక్క వేసుకున్నాను. పుల్ల తిరిగి ఇవ్వాలంటే ఆవిడ రావాలి. ఇచ్చింది ఏమీ లేదు, వచ్చేది అత్త. ఇంతకంటే మంచి బేరం మా నాన్న కూడా చేసి ఉండడు. ఇంటికి రాగానే చెల్లి ఎదురొచ్చింది.

“ఒస్తానందా?”

“పుల్ల తీసుకుంది.”

“అన్నియ్యా. ఒస్తానందా?”

చెప్పులు విప్పుకోవడంలో పడ్డాను. చెల్లి లోపలికి వెళ్ళి, పెళ్ళి కోసం కొత్తగా కొన్న పీటను తీసుకొచ్చి నా ముందు పెట్టి పోయింది.

మిగిలిన పిలుపులకు కొట్టులో ఉన్న నకలు తెరిచి బయల్దేరాను. అస్కాలో నాన్న పెదనాన్న మనవడి ఇంటికి వెళితే తాళం ఉంది. పక్కింటావిడ, “ఇల్లు మారి చాన్నాల్లయింది, మీ అత్తకి తెలుసే!” అంది. కొత్త ఇల్లు వెతుక్కుని వెళ్ళేసరికి వాళ్ళు నవ్వుతూ వక్క చూపించారు. “మొన్ననే మీ అత్త ఒచ్చి పిలిసి ఎల్లింది. నువ్వెందుకు మల్లీ?” ఇంకో ఊళ్ళోనూ అదే మాట. మోకాళ్ళ నొప్పుల మనిషి, కోడల్ని వెంటబెట్టుకుని, నా పుల్ల చూసుకుంటూ, బస్సులెక్కి దిగి మా చుట్టాలందరినీ పిలిచేస్తోంది. ఎక్కడ ఏ కంప్యూటర్ దొరికితే అక్కడ గుచ్చించి, పిలిచినవాళ్ళ పేరు పక్కన గుర్తు పెట్టిస్తోంది. నేను మరిచిపోయినవాళ్ళను చేరుస్తోంది. పోయినవాళ్ళను తీయించేస్తోంది.

దాంతో ఒకే కొట్టులో రెండు రకాల తూకపురాళ్ళు ఉన్నట్టయింది నా పని. నా దగ్గర ఉన్నది పాతబడిపోయింది. నకలు ఉంటే చాలనుకునేవాడికి ఎవరూ చెప్పని సంగతి ఇది. రెండింటిలో ఎవరు రాస్తూ ఉంటే అదే అసలుది అవుతుంది, మిగిలినది జ్ఞాపకం. ఇక రోజూ పొద్దున్నే భంజనగర్‌కు ఫోను చెయ్యక తప్పలేదు.

“అత్తా, పర్లాకిమిడి వాళ్ళు ఉన్నారు కదా...”

“అయిపోయింది. రాసుకో. ఆల్ల పెద్దమ్మాయి పేరు తప్పు రాసినావు, దిద్దించినాను.”

“మరి ఇచ్ఛాపురం?”

“అక్కడికి నువ్వెల్లు. ముందు ముసిలాయన్ని పిలువు, తరవాత కొడుకుని. వ్యాను ఈది సివర ఆపి నడిసెల్లు. సరుకు దించినట్టు దిగకు.”

వెళ్ళాను, ఆవిడ చెప్పిన వరసలోనే. కొన్నాళ్ళకు నాన్న నా చేతిలోంచి ఫోను లాక్కుని, “అప్పా, ఎలాగున్నావు?” అని మొదలుపెట్టి, కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడడం అలవాటు చేసుకున్నాడు. అంతా బాగానే ఉంది. ‘వస్తాను’ అన్న మాట ఒక్కటే రాలేదు. ‘నువ్వొస్తున్నావు కదా’ అని ఎవరడిగినా, “అందర్నీ పిలిసినాను కదా, ఇంక నానెందుకు?” అనేది. చెల్లి ఆ మాట విన్నప్పుడల్లా పీట వైపు చూసేది, తరువాత నా వైపు.

పెళ్ళికూతుర్ని చేసే రోజు వచ్చింది. పందిట్లో ముగ్గు వేశారు. నూనె గిన్నె, పసుపు, సున్నిపిండి పళ్ళెంలో పెట్టారు. రంభ పిన్ని ముందు వరసలో కూర్చుని అటూ ఇటూ చూస్తోంది, ఈ గొడవంతా రాజేసింది తనే అని తెలియనట్టు. పురోహితుడు తన పెన్‌డ్రైవ్ జంధ్యానికి కాక తాళాల గుత్తికి కట్టుకున్నాడు గాని, టైము చూడడానికి మాత్రం గోడ గడియారమే చూస్తున్నాడు.

“పెద్ద ముత్తయిదువ ఎవరండీ? కానివ్వాలి,” అన్నాడు.

చెల్లి గదిలోంచి బయటకు రాలేదు. తలుపు వేసుకోలేదు, ఏడవలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధి చూస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి నా దగ్గర ఏ సూత్రమూ లేదు.

“ఇంకొంచెం సేపు సూద్దాం,” అన్నాను.

“సూద్దాం,” అంది.

వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. ముందు కోడలు దిగింది, సంచులతో. తరువాత అత్త దిగింది. దిగుతూనే ఆటోవాడితో ఒడియాలో బేరం మొదలుపెట్టింది. నేను పరుగెత్తి డబ్బివ్వబోతే నా చెయ్యి పక్కకు తోసేసి, తను అనుకున్నదానికి ఒప్పించి, అప్పుడు గాని పందిట్లోకి రాలేదు.

“ఏటి, అందరూ అలా సూత్తన్నారు? నూనె సల్లారిపోనాదేటి?”

చెల్లి కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. పీట మీద కూర్చుని ఉంది. అత్త చేతులు కడుక్కుని, గిన్నెలో వేళ్ళు ముంచి, దాని నడినెత్తిన నూనె పెట్టి, చిన్నప్పుడు పెట్టినట్టే అరచేత్తో మూడుసార్లు గట్టిగా తట్టింది.

“ఆలీసం సేసినావేటత్తా?” అంది చెల్లి, కళ్ళలోకి నూనె కారిందని వంక పెట్టి తుడుచుకుంటూ.

“మోకాల్ల నొప్పి కదే.”

అత్త వంగినప్పుడల్లా కొంగు చివర ముడి ఊగుతోంది. ఆ ముడిలో నా పెన్‌డ్రైవ్.

నలుగు అయ్యాక, అరుగు మీద కూర్చుని ముడి విప్పి నా చేతిలో పెట్టింది. పసుపు అంటుకుని ఉంది.

“ఇదిగో నీ పుల్ల. జాగర్త. నీ కొట్టులో ఇంకోటి ఉందిలే, నాకు తెలుసు.”

“నీకెలా తెలుసు?”

“ఏ కొట్టోడైనా తాలంసెవి ఒక్కటే సేయించుకుంటాడేటి?”

“తెలిస్తే మరి ఎందుకు పట్టుకున్నావు?”

అత్త కొంగుకు అంటిన పసుపు దులుపుకుంది.

“నువ్వు పిలిసిన వరసకి నానెలా ఒస్తాన్రా? నలుగురూ ఏటనుకుంటారు? నీ పుల్ల నీకిచ్చీడానికి ఒచ్చినాను.” లేచి, చెల్లి జడ వెయ్యడానికి లోపలికి వెళ్ళిపోయింది.

పెళ్ళయి, పందిరి విప్పాక ఆ పుల్లను కొట్టు కంప్యూటర్‌కు గుచ్చాను. నా పాత నకలు తీసిపారేసి, ఆవిడ రాయించినదాన్ని కాపీ చేసుకున్నాను. పైన ఠాకురాణి తల్లి, తరువాత అత్త. ఆ పేరు నొక్కి చూశాను. నేను రాసుకున్న సూత్రం అక్షరం మారకుండా అలాగే ఉంది. దాని కింద కోడలి చేత ఒక్క ముక్క టైపు చేయించింది.

‘మాగాయలో ఉప్పు ఎక్కువైంది.’

వెనక గదిలోకి వెళ్ళి అత్తకు మాగాయ తీసిన జాడీలోంచే ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నిజమే.